చల్లారకముందే

నేను ఒక సన్నటి తీగను. కొసన ఆవగింజంత సున్నా, వెనక ఇత్తడి పిడి. విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబులో నన్ను లూప్ అంటారు. బాక్టీరియాను ఒకచోట తీసి మరోచోట పెట్టడం నా కొలువు. దేన్నైనా ముట్టుకునే ముందు మంటలో ఎర్రగా కాలాలి, తర్వాత చల్లారాలి. కాల్చడానికి అందరికీ ఉత్సాహమే. చల్లారేదాకా ఆగమంటేనే మనుషులకు ప్రాణం మీదికొస్తుంది.

ఎన్ని బ్యాచ్‌ల చేతులు మారానో! ఒక మహానుభావుడు నాతో చెవి కూడా గోక్కున్నాడు. ఫైనలియర్ సువార్త చేతిలోనే నాకు కాస్త మర్యాద దొరికింది. వాళ్ల నాన్న ఆటోనగర్‌లో మెకానిక్. ఆయన షెడ్డులో ఇంజనాయిలు ఇంకిన మట్టిలోంచి, ఆ నూనెనే తినే బాక్టీరియాను వేరుచేసింది ఆ పిల్ల. అదే ఆమె ప్రాజెక్టు. దాన్ని పట్టుకుని ఎమ్మెస్సీకి వెళ్లాలని ఆశ.

ఇంతలో ఆమెకు జ్వరమొచ్చింది. ఉన్న ఒక్క ట్యూబులోంచి బాక్టీరియాను, అవి పెరగడానికి మేత పోసిన కొత్త ప్లేటు మీదికి మార్చమని స్నేహితురాలు యామినికి ఫోన్ చేసింది. యామిని పక్కవాళ్లతో కబుర్లాడుతూ నన్ను కాల్చింది, ఎర్రగా ఉండగానే ట్యూబులో పెట్టింది. చుయ్‌మంది. నేను తాకినవన్నీ చచ్చాయి. ఆ శవాలతోనే ప్లేటు మీద గీతలు గీసింది. అంతటితో ఆగినా బాగుండేది. వాడిన ట్యూబులు బల్లమీద ఉంచకూడదన్న మేడమ్ మాట గుర్తొచ్చి, దాన్ని కాస్తా ఆవిరితో సూక్ష్మజీవులన్నిటినీ చంపే ఆటోక్లేవ్‌లో పడేసి ఉడకబెట్టింది.

జ్వరం తగ్గి సువార్త వచ్చి చూస్తే ప్లేటు ఖాళీ.

"ఆ మట్టిలో ఏమీ లేదే. నేనే ఏదో చూసి భ్రమపడ్డా," అని ఏడ్చింది.

నోట్లో నువ్వుగింజ నానని యామిని ఆ పూట నోరు మెదపలేదు. నాకు ఒళ్లు మండింది. నాకంటే నోరు లేదు, దీనికేమైంది? కానీ కాల్చింది నా ఒళ్లే కదా, ఎవరిని అనగలను? సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత యామిని రోజూ సువార్తకు టిఫిన్ తెచ్చిపెట్టింది, అడక్కుండానే రికార్డులో బొమ్మలు వేసిపెట్టింది. పాపం అలా తీరుతుందనుకుంది కాబోలు. తీరలేదు. ఒక మధ్యాహ్నం నన్ను చేతిలో పట్టుకునే బావురుమంది.

"లూప్ చల్లారకుండానే పెట్టానే. నీ తప్పేం లేదు. పద, మళ్లీ మట్టి తెచ్చుకుందాం. పనంతా నేనే చేస్తా."

సువార్త తిట్టలేదు. నన్ను ఆమె చేతిలోంచి తీసి బల్లమీద పెట్టింది.

"నాకోసమే నాన్న ఇన్నాళ్లూ షెడ్డు నేల అలాగే ఉంచాడే. మొన్న అడిగాడు, మట్టితో ఇంకా పనుందామ్మా అని. లేదన్నా. నిన్న అంతా తవ్వి పారబోయించి సిమెంటు వేయించాడు."