ఇద్దరు నిపుణులు, ఒక పాత కంప్యూటర్

"నీ పనికి ఆ డబ్బా చాల్లే" అనేది మా ఆయన మాట. ఆ డబ్బా ఒకప్పుడు ఆయనదే. ఆఫీసువాళ్ళు లాప్‌టాప్ ఇచ్చాక, బిగుతైపోయిన చొక్కా తమ్ముడికి దిగినట్టు, అది నాకు దిగింది. దానిమీద నేను ఒక ప్రచురణ సంస్థకి బడిపుస్తకాల పేజీలు కూరుస్తాను. బొమ్మలున్న పేజీ ఒకటి తెరవమని చెప్పి, కుక్కర్ ఎక్కించి, బట్టలు ఆరేసి, అత్తయ్యకి మందులిచ్చి వచ్చి కూర్చున్నా తెర మీద ఆ గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. "మంచిదేగా అమ్మాయ్, ఆ సందులో ఇంటిపని అయిపోతుంది" అంటుంది అత్తయ్య. వెటకారంగా కాదు, నిజంగానే అంటుంది. నా ఉద్యోగమంటే రెండు ఇంటిపనుల మధ్య నేను తీసుకునే విశ్రాంతి అని ఈ ఇంట్లో అందరూ తీర్మానించేశారు, నన్నొక్కదాన్ని తప్ప అందరినీ అడిగి.

ఆ సంస్థలో మేనేజరమ్మ ఈసారి సైన్సు పుస్తకం ఇస్తానంది. ఇన్నాళ్ళూ నాకు దక్కినవి వేరేవాళ్ళు వదిలేసిన అభ్యాసాలూ, విషయసూచికలూ. మొత్తం పుస్తకం, అట్ట నుంచి అట్ట దాకా, నా చేతికి రావడం ఇదే మొదలు. "వచ్చే ఆదివారం సాయంత్రానికి మొదటి మూడు పాఠాలు పంపాలి. కుదరదంటే ఇప్పుడే చెప్పు, ఇంకొకళ్ళని చూసుకుంటాను" అంది. పంపుతానన్నాను. ఆ పుస్తకం నాకు కావాలి. ఎంతగా కావాలో ఇంట్లో చెప్పడానికి భయమేసింది, చెబితే ఎవరో ఒకరు దాన్ని అరక్షణంలో చిన్నది చేసేస్తారని.

డబ్బా పక్క రేకు విప్పి, దుమ్ము దులిపి, మదర్‌బోర్డు మీద రాసిన అక్షరాలు చదివాను. అది తయారుచేసినవాళ్ళ పేజీలో దానికేం పడతాయో అంతా రాసే ఉంది. ఇది పెద్ద విద్యేం కాదు, ఓపిగ్గా చదవడం వస్తే చాలు. ర్యామ్ పాత రకమే కావాలి, ఎందుకంటే ఒక్కో తరం ర్యామ్‌కి అంచున గాటు ఒక్కో చోట ఉంటుంది; కొత్తది ఎంత గొప్పదైనా దీని స్లాట్‌లో కూర్చోదు. ప్రాసెసర్ ఇంతకన్నా చురుకైనది ఒకటి ఉంది, ఇదే గూట్లో పడుతుంది. కాకపోతే బోర్డు దాన్ని గుర్తుపట్టాలంటే, పాత ప్రాసెసర్ ఉండగానే బోర్డు లోపలి ప్రోగ్రాంని ముందు అప్‌డేట్ చెయ్యాలి. భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను. "అవన్నీ నీకెందుకు, నేనూ తమ్ముడూ చూసుకుంటాం" అన్నాడు మా ఆయన. మా మరిది ఫోన్లమ్మే కంపెనీలో లెక్కలు రాస్తాడు. ఆ మాత్రం బంధుత్వంతో కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ అతని సొత్తయిపోయింది.

మర్నాడు ఇద్దరూ వెళ్ళి సామాను తెచ్చారు. ప్రాసెసర్ మటుకు నేను చెప్పినదే, షాపులో పాతవాటిలో అదొక్కటే మిగిలిందట. ర్యామ్ మాత్రం సరికొత్త రకం. "తెచ్చేదేదో మంచిదే తేవాలి కదా వదినా" అన్నాడు మరిది. భోజనాల బల్ల మీద డబ్బాని పడుకోబెట్టి, ఇద్దరూ పెద్ద ఆపరేషనుకి దిగినవాళ్ళలా చొక్కా చేతులు పైకి మడిచారు. నన్ను టార్చి పట్టుకోమన్నారు. మా ఆయన ర్యామ్‌ని స్లాట్ మీద పెట్టి నొక్కాడు. దిగలేదు. బొటనవేళ్ళు ఎర్రబడేలా నొక్కాడు. "స్లాట్ బిగుసుకుపోయింది, ఒక చుక్క నూనె వేస్తే సరి" అన్నాడు తమ్ముడు. "అది వేరే రకమండీ, ఆ గాటు ఎక్కడుందో చూడండి" అన్నాను. "నువ్వు లైటు సరిగ్గా పట్టు" అన్నాడు మా ఆయన. ఈలోగా మరిది పాత ప్రాసెసర్ పీకి చొక్కా జేబులో పడేసుకుని, కొత్తది బిగించేశాడు. అప్‌డేట్ ముందు చెయ్యాలని గుర్తుచేశాను. "అలాంటివన్నీ కంపెనీవాళ్ళు భయపెట్టడానికి రాస్తారు వదినా" అన్నాడు. చివరికి పాత ర్యామ్‌నే పెట్టి స్విచ్ వేశారు. ఫ్యాన్ తిరిగింది, తెర నల్లగానే ఉండిపోయింది. ఇద్దరూ మొహమొహాలు చూసుకుని, బోర్డు పోయిందని తేల్చారు. "నేను ముందే అన్నాను, దీనిమీద ఖర్చు దండగని" అన్నాడు మా ఆయన. ఆయన ఎప్పుడూ అనలేదు. చేతులు కడుక్కుంటూ, "ఆవిడకి ఫోన్ చేసి కుదరదని చెప్పెయ్. ఒక పుస్తకమేగా" అన్నాడు. బల్ల తుడిచి, అన్నాలు వడ్డించాను. నన్ను చూస్తే నాకే అసహ్యమేసింది.

పొద్దున వాళ్ళు ఆఫీసులకి వెళ్ళాక, ఉతికే బట్టల్లోంచి మరిది చొక్కా వెతికాను. ఇంకాస్తయితే సబ్బునీళ్ళలో మునిగేది. జేబులో ప్రాసెసర్, దాని కింద వెంట్రుకల్లాంటి పిన్నులు ఒక మూల పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. ముల్లు తీసేసిన నొక్కుడు పెన్సిల్ బోలు మొన వాటికి తొడిగి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే నిలబెట్టాను. ఇలాంటి పని నాకు కొత్త కాదు, ఈ ఇంట్లో ఒకరు వంచినవి నేను నిలబెడుతూనే ఉంటాను. కొత్తది తీసి పాతది గూట్లో పెట్టాను, తెర వెలిగింది. అప్‌డేట్ చేసి, కొత్త ప్రాసెసర్ బిగించి, వాళ్ళు తెచ్చిన ర్యామ్‌నీ, డబ్బాలోని చిన్న ర్యామ్‌నీ షాపుకి పట్టుకెళ్ళి మార్చమన్నాను. "సార్ నంబర్ ఇవ్వండమ్మా, ఏది కావాలో ఆయన్నడుగుతాను" అన్నాడు షాపతను. "ఆయన్నడిగితేనే మీరు ఈ పట్టనిది ఇచ్చారు" అన్నాను. రెండూ తీసుకుని, వాటికి బదులు పాత రకంవి పెద్దవి రెండు తీసిచ్చాడు. ఇంటికొచ్చి పెట్టాను. బొమ్మల పేజీ నేను కుర్చీలోంచి లేవకముందే తెరుచుకుంది. ఏడుపొచ్చింది. సంతోషం కాదు, కోపం. ఇంత చిన్న పనికి ఇన్నాళ్ళు ఎవరి అనుమతి కోసం కూర్చున్నానా అని.

సాయంత్రం మా ఆయన చూసి, "చూశావా, నిన్న మేం బిగించింది రాత్రంతా ఉండేసరికి సర్దుకుంది" అన్నాడు. కంప్యూటరేమన్నా పప్పా, నానడానికి? మళ్ళీ పేజీల్లో పడ్డాను, నాకు పాఠాలున్నాయి. ఆయన మాత్రం ఆ ఘనకార్యం ఆఫీసంతా చెప్పుకున్నాడు. వాళ్ళ ఆఫీసరు నమ్మాడు. ఆదివారం మధ్యాహ్నం తన పాత కంప్యూటర్‌ని కారులో వేసుకుని వచ్చేశాడు.

అప్పటికి రెండు పాఠాలు పంపేశాను, మూడోది సగంలో ఉంది. మా ఆయన గదిలోకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఆయన దాంట్లో ర్యామ్ తక్కువుంది. నీ దాంట్లో రెండున్నాయిగా, ఒకటి తీసివ్వు."

"సాయంత్రానికి పంపాలండీ."

"ఒకదాంతో నడవదా? మాటిచ్చేశాను. రేపు ఇంకోటి కొంటాలే."

అత్తయ్య గుమ్మంలోంచి, "వాడి పరువు నీ చేతుల్లో ఉందమ్మా" అంది. ఆ పరువుని ఇన్నేళ్ళుగా మోస్తున్నదాన్ని, ఎంత తేలిగ్గా ఉంటుందో నాకు తెలుసు.

లేచి హాల్లోకి వెళ్ళాను. ఆఫీసరు డబ్బా తెరిచి ఉంది. మా ఆయనా, మరిదీ దానిమీదికి వంగి, లోపల నగలున్నట్టు చూస్తున్నారు. నేనూ వంగి చూశాను. మా బోర్డులాంటిదే, దాదాపు కవలలు. నా ర్యామ్ దాంట్లో పెడితే బొటనవేలితో తాకగానే దిగిపోతుంది.

"నాది దీంట్లో పట్టదండీ" అన్నాను.

మా ఆయన నా మొహంలోకి చూశాడు, తరవాత డబ్బాలోకి చూశాడు. స్లాట్ కేసి కళ్ళు చికిలించి, గడ్డం గోక్కున్నాడు.

"అవును సార్, పట్టదు" అన్నాడు. "తెరవగానే అనుకున్నాను."

"ఇది పూర్తిగా వేరే రకం సార్" అన్నాడు మరిది.

వారం రోజులు నిజం చెబితే వినని ఇల్లు, ఒక్క అబద్ధానికి అణకువగా తలూపింది. జాలి కలగాల్సింది, కలగలేదు. గదిలోకి వచ్చి గడియ పెట్టుకుని, మూడో పాఠం ముందుకు లాక్కున్నాను. హాల్లో మా ఆయన, ఎందుకు పట్టదో ఆఫీసరుగారికి వివరంగా చెబుతున్నాడు.