ఫ్లైవీలు బరువు

పాతపట్నంలో దాలమ్మ కొడుకు నరసింగరావుకు ఒక అద్దె కారు ఉండేది. అది ఇంటికి వచ్చిన రోజునుంచీ దాలమ్మకు స్థిమితం లేదు. కారు బయల్దేరితే ఎక్కడ బోల్తా పడుతుందోనని, బయల్దేరకపోతే ఏం పాడైపోయిందోనని, క్షేమంగా తిరిగొస్తే రేపు మళ్లీ వెళ్లాలి గదా అని ఆమెకు బెంగ.

పైగా ఆ కారుకు గేరు స్టీరింగు పక్కనే ఉండేది. పాతబడ్డ బండి కావడంతో ఒకటో గేరుకూ రెండో గేరుకూ నడుమ ఒక్కోసారి ఇరుక్కుపోయేది. నరసింగు దిగి, బానెట్టు ఎత్తి, లోపలి కడ్డీలను చేత్తో కుదిపి మళ్లీ ఎక్కాలి. ఇంతవరకూ అలా జరిగింది సంతలోనూ బజారులోనూ. దాలమ్మకు మాత్రం కళ్లు మూస్తే రైలుగేటే కనిపించేది. పట్టాల మీద కారు, బానెట్టులోకి తల దూర్చిన కొడుకు, దూరాన పొగ.

అందుకే పందొమ్మిదివందల అరవయ్యెనిమిదిలో శివరాత్రికి ముందు, గేరును స్టీరింగు పక్కనుంచి కింద నేలకు మార్పించుకుంటానని నరసింగు అన్నప్పుడు ఆమె అడ్డం చెప్పలేదు. అతను అంతటితో ఆగితే బాగుండేది.

"ఫ్లైవీలు కూడా కోయించెస్తానమ్మా," అన్నాడు అన్నం కలుపుకుంటూ.

"అదేటి?"

"ఇంజిను ఎనకాల ఇనప సక్రం. మా బరువు. లేతు మీద పెట్టి ఆ బరువు తీయిస్తే బండి సిటుక్కున అందుకుంటాది. జగన్నాధం తీయించుకున్నాడు. ఆమదాలవలసలో మెయిలు దిగినోళ్లందరూ ఆడి కారెక్కెల్లిపోతన్నారు. నానెల్లీసరికి ప్లాట్‌ఫారం ఊడిసీవోళ్లు మిగుల్తన్నారు."

"ఇంజిన్లోది కోయించడవేటిరా? కోసినకాడ పగిలితే?"

"పగల్దు."

"నీకెవుడు సెప్పాడు పగల్దని? నానూ వస్తాను విజీనారం."

దాలమ్మ పెనిమిటి అప్పలసూరి కంచం ముందునుంచి తల ఎత్తలేదు. "తీసుకెల్లరా. రెండ్రోజులు ఆ ఇంజిను పేణం తీస్తాది. నాను పడుకుంటాను," అన్నాడు.

విజయనగరంలో లేతు మిస్త్రీ కూర్మయ్యది దాలమ్మ కన్నవారి ఊరు. ఆమెను చిన్ననాటినుంచీ అప్పా అని పిలిచేవాడు. అతని షెడ్డులో కారు గేరుబాక్సు ఊడదీసి, గోనెపట్టా మీద మూడు గేరు రాడ్లు పెట్టాడు. ఒకటి పొడుగ్గా నిటారుగా ఉంది. ఒకటి వంకర తిరిగి ఉంది. ఒకటి జానెడే ఉంది, పొట్టిది.

"పొడుగుది సులువుగా పడ్తాది గానీ సెయ్యి సాలా దూరం తిప్పాలి. పొట్టిది దగ్గిర్లోనే పడిపోద్ది, కొంచెం బిగువు. ఏరుకో అల్లుడా," అన్నాడు కూర్మయ్య.

"ముందు సీట్లో ముగ్గురు కూకుంటారు మావా. నడుమోడి మోకాలికి తగలకూడదు. పొట్టిదే ఎయ్యి."

"నడుమోడి పంచి దానికి సుట్టుకుంటేనో?" అంది దాలమ్మ. "ఆడు పంచి లాగితే గేరు మారిపోదా?"

"పంచి ఊడిపోద్ది గానీ గేరు మారదప్పా," అని కూర్మయ్య నవ్వాడు. నరసింగు కూడా నవ్వాడు. దాలమ్మ నవ్వలేదు. ఆ పంచెకు తగినంత బలం ఉంటే ఏమౌతుందా అని ఆలోచిస్తోంది.

నరసింగు క్లచ్చి ప్లేటు కోసం బజారుకు వెళ్లాక ఆమె ఫ్లైవీలు దగ్గరికి పోయింది. నేల మీద నల్లగా, నూనె మరకలతో పడి ఉంది. రెండు చేతులూ వేసి ఎత్తబోయింది. అంచు మాత్రం లేచి మళ్లీ కూర్చుంది.

"తిరగలి పైరాయిలాగున్నాది," అంది.

"ఆ పనే సేస్తాదప్పా. పైరాయి బరువుగా ఉంటే నీ సెయ్యి అలిసినా అదే తిరుగుతాది గదా. తేలికరాయి సెయ్యి ఆపితే ఆగిపోద్ది. శివరాత్రికి ముఖలింగం కాడ ఏటి ఇసకలో తాటాకులు పరిసి కార్లు దాటిస్తారు సూడు, అక్కడ మెల్లగా లాగాలంటే ఈ బరువే కావాల. ఆడికి అరముక్క సెప్పబోయాను. జగన్నాధం, జగన్నాధం అంటన్నాడు. ఇంక నోరు మూసుకున్నాను."

"కోస్తే పగుల్తాదా?"

"నాను కోసింది పగల్దు."

"ఒట్టెయ్యి."

"ఇనుము మీద ఒట్టేటప్పా?"

దాలమ్మ షెడ్డు గుమ్మం వైపు ఒకసారి చూసింది. "అయితే కొయ్యకు. పైన ఓపాలి మెరుగు పట్టించి, కోసీసినానని సెప్పు."

కూర్మయ్య చేతిలోని గుడ్డ కింద పెట్టాడు. "నడిపీవోడు ఆడు. ఆడికి తెలకుండా నాను ఎలాగ..."

"ఆడికేటైనా అయితే నీ లేతు ముందుకొచ్చి కూకుంటాను కూర్మయ్యా. మరి లెగను."

ఆ మాట ఉత్తినే అన్నది కాదని కూర్మయ్యకు తెలుసు. చిన్నప్పుడు తమ్ముడికి జ్వరం వస్తే ఆమె వైద్యుడి గుమ్మంలో పగలంతా అలాగే కూర్చుంది. కూర్మయ్య లేతు తిప్పాడు. వెంట్రుకమందం ఇనుము లేచింది. నల్లటి చక్రం వెండిలా మెరిసింది.

నరసింగు వచ్చి దాని మీద వేలు రాశాడు. "ఎంత తీసావు మావా?"

"తియ్యాల్సినంత తీసాను," అన్నాడు కూర్మయ్య, లేతు తుడుచుకుంటూ.

మూడో రోజు పొద్దెక్కాక బయల్దేరారు. పొట్టి రాడ్డు టక్కున పడుతోంది, టక్కున లేస్తోంది. ఎక్కడా ఇరుకు లేదు. రైలుగేటు మీద గేరు మార్చినా కారు ఆగలేదు. పట్టాలు దాటేవరకూ దాలమ్మ ఊపిరి బిగబట్టుకునే ఉంది. దాటాక, ఈ ఒక్కటీ తీరింది అనుకుంది.

"సూసావా అమ్మా, ఎలా అందుకుంటన్నాదో," అన్నాడు నరసింగు. "ఇన్నాళ్లూ ఆ బరువుని మోసుకు తిరిగినాను."

దాలమ్మ చీరకొంగు వేలికి చుట్టుకుంది.

నాతవలస దగ్గర పెద్ద రోడ్డెక్కాక అతను ఒక బండిని దాటాడు. ఆ తర్వాత ఒక లారీని. దాటినప్పుడల్లా ఇదివరకటికంటే తక్కువ ఖాళీ చూసుకుంటున్నాడు. అప్పుడు తట్టింది దాలమ్మకు. కొడుకు దాటుతున్నది ఈ కారులో కాదు. బరువు తీసిన ఇంకో కారులో. అది విజయనగరంలోనే కాదు, ఎక్కడా లేదు.

చెప్పాలని నోరు తెరిచింది. చెబితే ఇక్కడినుంచే తిప్పి కోయించుకొస్తాడు. నోరు మూసుకుంది. రణస్థలం వచ్చింది, పోయింది. మళ్లీ తెరిచి, "ఆకలేస్తన్నాదా?" అంది.

"లేదు."

"కొంచెం మెల్లగా..."

"మెల్లగా ఎల్లడానికేనా తీయించింది?"

ముందు శ్రీకాకుళం పోయే బస్సు కనిపించింది. నరసింగు కుడివైపు ఒకసారి తొంగిచూసి, గేరు తగ్గించి, కారును రోడ్డు నడుమకు తీశాడు. ఎదర దూరాన లారీ వస్తోంది. అతని లెక్క ప్రకారం ఆ దూరం చాలు. ఇంజిను అరిచింది గానీ కారు ఎప్పటిలాగే, నింపాదిగా, బస్సు పక్కన పాకింది. బస్సు కిటికీలు ఒక్కొక్కటీ దాలమ్మ ముఖం పక్కనుంచి వెనక్కి జరుగుతున్నాయి. ఒక కిటికీలో తమలపాకు నములుతున్న ముసలామె నమలడం ఆపేసింది. లారీ హారను ఆపకుండా మోగింది. బస్సు డ్రైవరు బ్రేకు వేసి దారి ఇచ్చాడు, లారీ పక్క మట్టిలోకి దిగింది. ఆ రెండిటి నడుమ కారు బయటపడింది.

నరసింగు మళ్లీ పై గేరు వేశాడు.

"ఇదేటిలాగ," అన్నాడు నరసింగు తనలో తను. "అందుకోలేదేటి."

"ఆపు," అంది దాలమ్మ.

"దాటేసాం గదే."

"ఆపరా నర్సింగా."

రోడ్డు పక్క గోగునార మోపులు నిలబెట్టిన చోట ఆపాడు. దాలమ్మ ఎదటి అద్దంలోంచి రోడ్డునే చూస్తూ చెప్పింది. "అది కొయ్యలేదు. కూర్మయ్య తప్పేటీ లేదు. నానే వద్దన్నాను. పైన మెరిపించమన్నాను."

నరసింగు చాలాసేపు రాడ్డు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్లు దాటిన బస్సు వెనకనుంచి వచ్చి, దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. డ్రైవరు కిటికీలోంచి ఏదో తిట్టాడు.

"కొయ్యలేదని తెలిస్తే ఆ బస్సెనకాలే ఉండీవోణ్ణి," అన్నాడు చివరికి.

"అవును."

"నానేటైపోతానో అని దడిసి..."

"అవున్రా. సెప్పాను గదా." ఆమె చీరకొంగు వేలినుంచి విప్పింది. "ఎనక్కి తిప్పు. కోయించుకో. నాను షెడ్డులోకి రాను. బయటే కూకుంటాను."

"కూర్మయ్య మావేటన్నాడు?"

ఇసక సంగతీ, తాటాకుల సంగతీ చెప్పింది. తిరగలి రాయి సంగతి కూడా చెప్పింది. నరసింగు వింటూ రాడ్డును అటూ ఇటూ ఊరికే కదిపాడు.

"శివరాత్రికి ఇరవై ట్రిప్పులు ఇసకలోనే," అన్నాడు. "జగన్నాధం ఆ ఒడ్డుకి రానేరాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఈ మాట నాతోటి అంటే పోయీది గదమ్మా."

"నువ్వు ఇనీవోడివా?"

"ఇననేమో." అతను రాడ్డు మీదనుంచి చెయ్యి తీశాడు. "అయినా అనాల. నానే గదా నడిపీది."

అతను కారు తిప్పలేదు. పాతపట్నం వైపే పోనిచ్చాడు.

చిలకపాలెం ఇవతల మళ్లీ అదే బస్సు దొరికింది. దుమ్ములో దాని వెనకే చాలా దూరం వెళ్లారు. దాలమ్మ కూర్చున్న ఎడమవైపునుంచి ఆమెకు బస్సు వెనక నిచ్చెనా, పైన కట్టిన కోళ్లగంపా తప్ప ఏమీ కనిపించడం లేదు. రోడ్డు అవతల ఏముందో, ఎంత ఖాళీ ఉందో అతనికే కనిపించాలి.

"దాటమంటావా?" అని అడిగాడు.

వద్దు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. చీరకొంగు మళ్లీ వేలికి చుట్టుకుంది.

"నాకేటీ అవపడ్డం లేదు," అంది. "నీకు అవపడితే ఎల్లు."

నరసింగు వెంటనే వెళ్లలేదు. ఎదరనుంచి ఒక జీపును పోనిచ్చాడు, తర్వాత రెండు ఎడ్లబళ్లను. రోడ్డు ఖాళీ అయ్యాక కూడా ఇంకాసేపు చూశాడు. అప్పుడు గేరు తగ్గించాడు. కారు బరువుగా, నింపాదిగా బస్సు పక్కకు వచ్చింది. దాలమ్మ కళ్లు మూసుకోకుండా కిటికీలను ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.