గ్రీజు కప్పుకు ఒక్క చుట్టు

ఓబులేసు వడ్డించడానికి నిలబడితే తినేవాళ్లకు అంత సులువుగా విడుదల ఉండదు. చాలని విస్తరికి చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతి మీదే నెయ్యి పోస్తాడు. ఆళ్లగడ్డలో ఆయనింట భోంచేసి నడుం వాల్చకుండా తిరిగొచ్చినవాడు లేడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, అన్న సుబ్బయ్య కొత్త పిండిమర కొని ఈ మహానుభావుడి చేతికి అప్పగించాడు. మడక పట్టి దున్నే పని తప్పినందుకు ఓబులేసుకు ఆ మరంటే ప్రాణం. నంద్యాల నుంచి వచ్చి మర బిగించిన మదార్ మేస్త్రీ, బేరింగు మీదున్న ఇత్తడి గ్రీజు కప్పు చూపించి, రోజూ పొద్దున ఒక్క చుట్టు తిప్పితే లోపలికి దిగే గ్రీజు చాలని చెప్పిపోయాడు.

పొద్దస్తమానం తిరిగేదానికి ఒక్క చుట్టేనా? ఓబులేసుకు మనసొప్పలేదు. అటు పోతూ ఒకటి, ఇటు వస్తూ ఒకటి తిప్పాడు. పాపం ఎండిపోతుందేమోనని, ఆయన భార్య జీవమ్మ కూడా చాటుగా తిప్పింది. బేరింగు చెయ్యి పెట్టలేనంతగా కాగింది. కాగిన కొద్దీ ఇద్దరూ ఇంకా తిప్పారు. చివరికి గ్రీజు పొంగి ఉయ్యాలవాడ వాళ్ల జొన్నపిండిలో పడి, మర ఆగిపోయింది.

"మదార్‌ను పిలిపిస్తాండా. బాగుచేసినంక మళ్లా ఆగిందా, మర అమ్మేస్తా. నువ్వు మడక పట్టు" అన్నాడు సుబ్బయ్య. ఆ పూట ఓబులేసుకు ముద్ద దిగలేదు. ఆయనకు ముద్ద దిగలేదంటే సామాన్యమైన దిగులు కాదు.

మదార్ వచ్చి బేరింగు విప్పాడు. "ఏందప్పా, ఇంత కుక్కినావ్? లోపల ఇనుప గుండ్లు తిరగనీకి సందుండాల గదా" అంటూ గ్రీజంతా తోడేశాడు.

మధ్యాహ్నం పంచలో భోజనం పెట్టారు. మదార్ చాలని చెయ్యి అడ్డం పెట్టాడు. ఓబులేసు ఆ చేతి మీదే నెయ్యి పోశాడు.

మదార్ కారుతున్న చెయ్యి ఎత్తి చూపించాడు. "నాకు చెయ్యుంది, అడ్డం పెట్నా. అయినా పోస్తివి. ఆ మరకు చెయ్యి గూడా లేదు గదప్పా."

ఓబులేసు నెయ్యి గిన్నె కింద పెట్టాడు. "నేను గూడా తిప్పినా" అంది జీవమ్మ తలుపు చాటు నుంచి.

ఆ రోజు నుంచి పొద్దున ఒక్క చుట్టే. తర్వాత చేతులు దురద పెడితే, చంకల్లో పెట్టుకుని మర పక్కనుంచి నడిచేవాడు. కొన్నాళ్లకు సుబ్బయ్య వచ్చి సాయంత్రం దాకా మర దగ్గరే కూర్చున్నాడు. లేచేముందు బేరింగు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. అది కాగలేదు. చెయ్యి తుడుచుకుని భోజనానికి వచ్చాడు.

ఒక గరిటె నెయ్యి పడగానే సుబ్బయ్య విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఓబులేసు గిన్నె వెనక్కి తీసుకున్నాడు.

సుబ్బయ్య మొహం చిన్నబోయింది. "ఏందిరా, నామీద కోపమా?"

"చెయ్యి అడ్డం పెడ్తివి గదన్నా."

"పెడితే? మర నీదేలే. ముందు నెయ్యి పొయ్యి."