రూటరు నార్పిన నాంచారమ్మ

శరదృతువున నిర్మలమైన యాకాశము క్రింద పెడన పట్టణపు కలంకారీ కార్ఖానాల ముంగిళ్లయందు కరక్కాయనీట ముంచి యారవేసిన వస్త్రములు ప్రభాతారుణకిరణస్పర్శచే పసిమివన్నె దాల్చి మందమారుతమున కదలాడుచుండెను. అంతటి శుభోదయమున నొక కార్ఖానా యజమానుని యిల్లాలగు నాంచారమ్మ మాత్రము కంప్యూటరు ముందు పటపట పండ్లు కొఱుకుచు కూర్చుండెను. అత్తింట నడుగిడినది మొదలు పరులు గీసిన లతలనే వస్త్రములపై నద్దించుచు వచ్చిన యామె తొలిసారి స్వయముగా గీసిన మయూరలతను మధ్యాహ్నములోగా కాగితముపై ముద్రించి యీయనిచో అచ్చులు చెక్కు బ్రహ్మయ్య తనకడనున్న టేకుపలకను వేఱొక కార్ఖానా నమూనాకు వినియోగింపనుండెను.

కొంతసేపటి క్రిందటనే వీధిలో గొట్టములకై గోయి త్రవ్వువారు ఇంటర్నెట్టు తీగను తెంపియుండిరి. అయ్యో, ఏమి చెప్పుదును! అంతవఱకు చెప్పినపని చెప్పినట్లు చేయుచుండిన యా లినక్స్ కంప్యూటరు ఫైలు తెఱవుమనిన తెఱవక గీత దిద్దుమనిన దిద్దక మాటిమాటికి కొయ్యబాఱి నిలువజొచ్చెను.

"దీనికి వయసైపోయిందే. ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి" అని భర్త వీరరాఘవులు సెలవిచ్చెను. ఆ మహానుభావుని మాట విని యట్లు చేయగా నది మేల్కొనుటకే మునుపటికంటె నాలస్యము చేసెను!

నాంచారమ్మకు ప్రాణము ఉసూరుమనెను. ఐనను చెవియొగ్గి వినగా యంత్రములోని పంకా చప్పుడు చేయుటలేదు. పనిభారమును జూపు గడి తెఱచి చూడగా భారమే లేదు.

"ఇది పనిచేసి అలిసిపోలేదండీ! ఎవరి కోసమో ఎదురుచూస్తోంది" అనెను.

నిజమే. ఆమె చిత్రములు దూరమందలి యొక సర్వరులో గూడ దాచబడునట్లు ఏర్పాటు కలదు. ఇంటిలోని రూటరు వెలుగుచుండుటచే దారి కలదని నమ్మిన యా వెఱ్ఱి యంత్రము అడుగడుగునకు సర్వరును పిలుచుచు బదులు రాక గడువు తీరువఱకు నిలుచుచు మరల పిలుచుచుండెను.

"అయితే ఏం చేస్తావే?"

"ఆ ఆశ కాస్తా తీసేస్తాను" అని లేచి యామె రూటరు మీట నొక్కి యార్పెను.

దారియే లేదని తెలిసిన యంత్రము తత్క్షణమే సర్వరు మాట విడిచి చటుక్కున ఫైలు తెఱచెను. నెమలిమెడ వంపు దిద్దుటకును కాగితముపై ముద్రించుటకును ఎంతోసేపు పట్టలేదు.

మధ్యాహ్నము కాకమునుపే దంపతులు కొనిపోయి యిచ్చిన యా కాగితమును బ్రహ్మయ్య వెలుతురున కెత్తి చూచి "మెడ వంపు భలే ఉందమ్మా! ఎవరు గీశారు?" అనగా ఆమె నోరు తెఱచులోపలనే "మా ఆవిడే!" అని వీరరాఘవులు కేకవేసెను.

పలుకువారు లేని గుమ్మము కడ నిలుచుట మానినవారికి తమ చేతులు తమ పనికి దొరకును. కాగితమంటించిన టేకుపలకపై ఉలిదెబ్బ యొకటి పడెను. నాంచారమ్మ ముందునకు వంగి చూచుచుండగా రెండవదియు పడెను.