మూడు ఒత్తుల్ని భుజానికెత్తుకున్నవాడు

నేను ఒక ఒత్తును. అక్షరం కింద నక్కే ఒత్తును కాదు. సన్నాయి పక్కన నిలబడి, మేళం సాగినంతసేపూ ఒక్క శ్రుతినే ఊదే కర్రబూరను. అయినా ఆ ఒత్తుదీ నాదీ బతుకు ఒకటే, కిందే.

చీరాల వడ్రంగి ఒకే దుంగలోంచి సన్నాయినీ నన్నూ తొలిచాడు. దానికి ఏడు స్వరాలు, నాకు ఏడుపు. దాన్ని ఊదే మౌలాలికి శాలువాలు. నన్ను ఊదే అతని బావమరిది నాగులుకు బుగ్గల నొప్పులు. కర్రను కదా, కుళ్ళుకున్నానంటే తప్పేముంది?

ఆ కుళ్ళు చాలదన్నట్టు, చిలకలూరిపేట పెళ్ళికి మౌలాలి కరెంటు శ్రుతిపెట్టె పట్టుకొచ్చాడు.

"ఇదే నీకు ఆఖరి మేళం రా నాగులూ. రేపట్నుంచి ఇది మోగుద్ది."

"మరి నన్నేం మోగమంటావు బావా?"

"ఇంట్లో మీ అక్క మోగిస్తదిలే."

నాగులు నవ్వలేదు. నాకు అటక ఖాయమైపోయింది.

పెళ్ళికొడుకు స్నేహితుడు ఒకడు స్కాట్లాండ్ నుంచి సంచిబూరతో వచ్చాడు. చంకలో గాలిసంచి, భుజం మీద మూడు గొట్టాలు. పేరు కాలమ్. నాకు కాలం చెల్లిందనుకున్న పూటే ఈ కాలమ్! అతను ఊదగానే నాకు తెలిసిపోయింది. ఆ మూడు గొట్టాలూ ఒత్తులే! ఒక్కో శ్రుతినే పట్టుకుని గుమ్మంటున్నాయి. వాళ్ళ దేశంలో ఒత్తుల్ని భుజానికెత్తుకుంటారన్నమాట. అసూయతో నా రెల్లు పీక ఎండిపోయింది.

మౌలాలి అతనితో కలిసి వాయించబోయాడు. కుదరలేదు. సంచిబూర శ్రుతి ఆ పెట్టెలోని రెండు బొత్తాలకు మధ్య ఎక్కడో ఉంది. ఇది నొక్కితే తక్కువ, అది నొక్కితే ఎక్కువ. బూర శ్రుతి అంత మార్చడం కాలమ్ వల్లా కాలేదు. జనం కిసుక్కున నవ్వారు. మౌలాలి చెవులు ఎర్రబడ్డాయి.

నాగులు, శ్రుతి సరిచేసుకోడానికి నా కంతలకు పెట్టిన మైనాన్ని గోటితో గీకాడు. ఊదాడు, విన్నాడు, మళ్ళీ గీకాడు. మూడోసారికి నా గొంతు ఆ గొట్టాల గొంతులో కలిసిపోయింది. ఏది నాదో నాకే తెలియలేదు. కాలమ్ సన్నాయి పక్కనుంచి నాగులు పక్కకొచ్చి నిలబడ్డాడు. మౌలాలి సన్నాయి పీక సర్దుకుని మా వెంట వచ్చాడు. మా వెంట, సన్నాయి!

కాలమ్ ఎత్తుకున్నది వాళ్ళ ఊరి పడవలవాళ్ళ పాటట. మౌలాలి దాన్ని మెల్లగా మోహన రాగంలోకి తిప్పాడు. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా పెళ్ళికూతురి మేనత్త కళ్ళొత్తుకుంది. కళ్ళకైనా ఒత్తే దిక్కు.

మేళం దిగాక మౌలాలి పెట్టెను గుడ్డలో చుడుతూ, ఎటో చూస్తూ అన్నాడు: "ఎల్లుండి మార్టూరు పెళ్ళి. మైనం ఎక్కువ తెచ్చుకో."

"అట్టాగే బావా."

నాగులు నా మీంచి గీకిన మైనాన్ని ముద్ద చేసి రుమాల్లో చుట్టి చొక్కా జేబులో, గుండె దగ్గర దాచుకున్నాడు. నన్నేమో సైకిల్ క్యారియర్‌కు కట్టాడు. మీరే చెప్పండి, ఒళ్ళు మండదూ?