నూకయ్య కుట్టిన తలుపులు

నూకయ్య చేతికి ఒక జబ్బుంది. చిరుగు కనపడితే ఊరుకోదు. తన వలే కానక్కరలేదు, పక్కింటివాళ్ళ గొడుగైనా, బస్సు సీటు మీది రెగ్జినైనా, చినిగి కనపడిందంటే ఆయన వేళ్ళు జిలపెడతాయి. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది పల్లెలో సగం వలలు ఆయన చేతి మీదుగానే మళ్ళీ సముద్రంలోకి వెళ్ళాయి. "ఈ మనిసి కుదురుగా కూకోవాలంటే ఊళ్ళో సిరుగులన్నీ దాసీయాల" అని భార్య దాలమ్మ చేపల గంప దించిన ప్రతి ఇంట్లోనూ చెప్పి నవ్వుతుంది. అలాంటి మనిషి కంటబడేలా కోడలు తులసి ఆ పుస్తకాలు పెట్టకుండా ఉండాల్సింది. పెట్టింది. ఏం చేస్తాం!

తులసి కళింగపట్నం అవతల ఆ పల్లెలో అంగన్‌వాడీ టీచరు. మొగుడు వినోద్ గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద ఉంటాడు. కేంద్రం వీళ్ళ ముందుగదిలోనే. రోజూ ఇరవైరెండు మంది పిల్లలు వస్తారు, గుడ్డు తింటారు, గోడ మీది చార్టుల వంక ఒకసారి చూస్తారు, ఇంటికి పోతామని రాగం తీస్తారు. వాళ్ళని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టేసరికి తులసి తల ప్రాణం తోకకి వచ్చేది.

పది రోజుల కిందట శ్రీకాకుళంలో మీటింగు జరిగింది. ఎవరో దాతలు ముప్పై కేంద్రాలకి పిల్లల సామాను కొనిస్తామన్నారు, ఏం కావాలో టీచర్లే చూసి చెప్పమన్నారు. బల్ల మీద పరిచినవాటిలో తులసి కంట తలుపుల పుస్తకాలు పడ్డాయి. పేజీలో బొమ్మ మీద ఒక అట్టముక్క ఉంటుంది, ఒక్క పక్కే అతికి ఉంటుంది. తలుపు తీసినట్టు దాన్ని ఎత్తితే కింద ఇంకో బొమ్మ. గంప ఎత్తితే కోడిపెట్ట, దుప్పటి ఎత్తితే నిద్రపోతున్న తాత. తులసి కూర్చుని ఒక్కొక్కటే ఎంచింది. గోరంత తలుపులున్నవి పక్కన పెట్టేసింది, మూడేళ్ళ పిల్లల వేళ్ళకి అవి అందవు. పలచటి కాగితపువి వద్దనుకుంది. తలుపు తీస్తే మంచు మనిషి కనపడే పుస్తకం ఎంత అందంగా ఉన్నా దాన్నీ వద్దనుకుంది, మా గుంటలకి మంచేం తెలుసని. చివరికి మూడు మిగిలాయి. మందపు అట్ట, అరచేతంత తలుపులు, తెరిస్తే పిల్లలు రోజూ చూసేవే.

సూపర్‌వైజర్ కుమారి మేడమ్ పెదవి విరిచింది. "ఇవా? రెండ్రోజుల్లో పీకి పారేస్తారమ్మా. గోడకి కొత్త చార్టులు కొందాం, పదేళ్ళు పడుంటాయి" అంది.

తులసికి పౌరుషం పొడుచుకొచ్చింది. "మా పిల్లలు చింపరు మేడమ్. పది రోజులు నా దగ్గర ఉంచండి, చూడండి" అనేసింది.

"పట్టుకెళ్ళు. పదో రోజున మళ్ళీ మీటింగుంది, తీసుకురా. ఒక్క చిరుగు కనపడిందా, చార్టులే. ముప్పై కేంద్రాలకీ."

ఆ మాట తులసి ఇంట్లో రోజుకి పదిసార్లు తలుచుకుని తలుచుకుని బెంగపడేది. నూకయ్య చెవిన పడిందల్లా ఇంతే: ఏవో బొమ్మల పుస్తకాలు, వాటికి ఒక్క చిరుగు ఉండకూడదు. అవెలా ఉంటాయో మాత్రం ఆయన చూడలేదు. పిల్లలొచ్చే వేళకి ఆయన ఒడ్డున ఉంటాడు, ఇల్లు చేరేసరికి పుస్తకాలు ట్రంకుపెట్టెలోకి పోతాయి.

తొమ్మిదో రోజు గాలి జోరుగా ఉండి బోట్లు కదల్లేదు. టీకాల రోజు కావడంతో తులసి పిల్లల్ని పంపేసి నర్సమ్మ వెంట వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ పుస్తకాలని నులకమంచం మీద ఎండకి విప్పి పెట్టింది, సముద్రపు చెమ్మకి అట్టలు మెత్తబడకుండా. ఎండకి తలుపులన్నీ కాస్త కాస్త పైకి లేచాయి.

నూకయ్య అరుగు మీదికి వచ్చి చూశాడు. గబగబా పేజీలు తిప్పాడు. ఒక పేజీ కాదు, రెండు కాదు! ఎక్కడ చూసినా అట్ట మూడు పక్కలా చిరిగిపోయి నాలుగో పక్కన వేలాడుతోంది. రేపే మీటింగు. "ఓరి నాయనో, గుంటలు మొత్తం సింపీసినారు. పిల్ల సూస్తే ఏటైపోతాది?" అనుకున్నాడు. ఆ పిల్ల తొమ్మిది రోజులుగా సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. తను వచ్చేలోగా బాగుచేసి పెట్టాలి, అసలు చిరిగిన సంగతే తెలియనివ్వకూడదు.

సన్న దబ్బనం తీశాడు, నైలాన్ దారం తీశాడు. వల బాగుచేసేటప్పుడు తెగిన కళ్ళతోపాటు వాటి పక్కన బాగున్న వరసని కూడా కలిపి బిగిస్తారు, లేకపోతే మర్నాడు అక్కడే తెగుతుంది. నూకయ్య అదే చేశాడు. లేచిన అట్టని కిందికి అదిమిపట్టి చిరిగిన మూడు పక్కలూ కుట్టి, బాగున్న నాలుగో పక్కని కూడా ముడుల మీద ముడులేసి బిగించాడు. ముప్పై నాలుగు చోట్ల. ఎండ గోడ దిగేసరికి మూడు పుస్తకాల్లోనూ ఒక్క అట్టముక్క కూడా కదలకుండా చేసి, వాటిని మంచం మీద వరసగా పేర్చి, పొగాకు చుట్ట వెలిగించాడు.

తులసి వచ్చింది. పుస్తకం తీసింది. ఇంకోటి తీసింది. గోటితో తలుపు ఎత్తబోయింది, అది లేవలేదు.

"సూసినావా?" అన్నాడు నూకయ్య మీసం దువ్వుకుంటూ. "ఎక్కడైనా సిరుగున్నాదేటి? నువ్వు బెంగెట్టుకోకమ్మా, మావ ఉన్నాడు."

"మావా..." తులసి మంచం కోడు పట్టుకుని కూలబడింది. "ఏటి సేసీసినావు మావా! అవి సిరుగులు కావు. తలుపులు. అలాగే వస్తాయి అవి."

గంప దించుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన దాలమ్మకి సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఓలమ్మో! నీ సేతులు పడిపోనూ! పిల్ల కొలువు కాడికి కూడా తెచ్చినావా నీ దబ్బనం?" అని నెత్తీ నోరూ కొట్టుకుంది. నూకయ్య దబ్బనం వెనక దాచుకున్నాడు. అరవై ఏళ్ళలో ఆయన కుట్టింది తప్పని ఎవరూ అనలేదు. తులసి ఏడవడం చూస్తే మరీ ప్రాణం ఉసూరుమంది.

"ఏడవకే తల్లీ. ఏసిన సేత్తోనే ఇప్పుతాను" అన్నాడు.

చిన్న కత్తి తెచ్చి, మోకాళ్ళ మధ్య పుస్తకం పెట్టుకుని ఒక్కొక్క ముడీ కోశాడు. మొదటి తలుపు మూడు పక్కలూ విడగానే అది పైకి లేచింది. కింద, రాతి చాటున, రెండు కాళ్ళెత్తి ఎర్రగా ఒక పీత! నూకయ్య ఉలిక్కిపడి, వెంటనే పకపకా నవ్వాడు. మళ్ళీ మూసి మళ్ళీ తెరిచాడు. "ఒసే దాలమ్మా, ఇలారా, పీతే! ఇక్కడ దాక్కున్నాదే!" ఏడుస్తున్న తులసికి కూడా నవ్వాగలేదు.

నాలుగో పక్క ముడి కోయబోయి ఆగాడు. తలుపు పట్టుకుని అటూ ఇటూ లాగాడు. "ఇది ఇప్పడం దేనికే? తలుపు తెరుసుకుంటన్నాది కదా. ఉత్త జిగురు మీద కంటే ఈ ముడి మీదే గట్టిగా ఉన్నాది. గుంటలు లాగినా రాదు." అని, తలెత్తి అడిగాడు. "అవునే, తొమ్మిది రోజులు ఇన్ని సేతులు పడినా ఒక్కటీ ఊడలేదంటే ఎలాగే?"

తులసి తల దించుకుంది. "పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు మావా. నానే తెరిసి సూపించినాను. సేతులు కట్టుకుని కూకోమన్నాను. ఊడిపోతాయేమోనని బయ్యం."

"మరింకేటి! ఆళ్ళు గోడ మీది సార్టు సూసినట్టే కదా."

ఆ మాట తులసికి సూటిగా తగిలింది. తను గెలవాలనుకున్నది చార్టుల మీద. తొమ్మిది రోజులూ చేసింది చార్టు పనే. మామ మిగతా తలుపులు విప్పుతుంటే ఆమె పక్కన కూర్చుని కోసిన దారం ముక్కలు ఏరింది.

పొద్దున్నే పిల్లలు రాగానే మూడు పుస్తకాలూ చాప మీద పడేసి, "తీసుకోండి" అంది. క్షణం సేపు ఎవరూ కదల్లేదు. తర్వాత మీదపడ్డారు. కేంద్రం మొత్తానికి చింపడంలో పేరుపడ్డ పిల్ల అమ్మడు, పీత తలుపుని రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలిపోయింది. తులసి కళ్ళు మూసుకుంది. గుమ్మంలో నిలబడ్డ నూకయ్య మూసుకోలేదు, తన ముడి సంగతి తనకి తెలుసు. పుస్తకం మొత్తం పైకి లేచింది గానీ తలుపు ఊడలేదు. ఆ రోజు ఇంటికి పోతామని ఒక్కరూ ఏడవలేదు. పుస్తకాలు లాక్కోవాల్సి వచ్చినందుకు ఏడ్చారు.

"నానూ వస్తాను. తప్పు నాది, నానే సెప్తాను" అని నూకయ్య ఉతికిన చొక్కా వేసుకుని తులసితో శ్రీకాకుళం బస్సెక్కాడు. దారి పొడుగునా ముందు సీటు చిరుగు మీద చెయ్యి వేయకుండా చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాడు. అంత భయంగా ఉంది ఆయనకి.

కుమారి మేడమ్ పుస్తకం తెరిచింది. అంచుల వెంట దబ్బనం బెజ్జాలు, ఒక పక్కన ముడుల వరస. "ఇదేంటమ్మా?" అంది.

"నానేనమ్మా" అన్నాడు నూకయ్య ముందుకొచ్చి. "సిరుగులనుకున్నాను. సదువు రానోడిని. పిల్ల తప్పేటీ నేదు."

ఆయన వెనక దాక్కోవడం తులసికి నచ్చలేదు. "మేడమ్, నాదీ తప్పుంది" అంది. "తొమ్మిది రోజులు పిల్లల చేతికి ఇవ్వలేదు. దాచిపెట్టాను. ఇవాళ పొద్దున్న ఇచ్చాను, ఇరవైరెండు మందికీ."

మేడమ్ పేజీలు తిప్పింది. పీత తలుపు పట్టుకుని లాగింది. ఇంకాస్త గట్టిగా లాగింది. అది రాలేదు. బల్ల మీదున్న మరో కొత్త పుస్తకం తీసి, దాని తలుపు అదే చేత్తో లాగింది. చర్రుమని ఊడి చేతికొచ్చింది. గదిలో టీచర్లంతా ఒక్కసారిగా నవ్వారు. మేడమ్ కూడా నవ్వేసింది.

"ఒక్క చిరుగున్నా చార్టులే అన్నాను" అంది పీత తలుపు మూస్తూ. "ఇందులో లేదు. ఇవే కొందాం. కానీ ముప్పై కేంద్రాలవీ ఈయనే కుట్టాలి."

తులసి మామ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నూకయ్య గుండెల మీంచి రాయి దిగినట్టు ఊపిరి వదిలాడు. కళ్ళు చెమరిస్తే చొక్కా చేత్తో తుడుచుకుని, "అలాగేనమ్మా" అన్నాడు. "కానైతే ఒక్క మాట. ముందు అన్నీ తెరిసి సూస్తాను. ఆనకే కుడతాను."