మెడకు తెలిసిన దారి

మా మేనత్త నోరంటే ఊరంతటికీ హడలు. ఆవిడ మెడ సంగతి మాత్రం ఆ సోమవారం దాకా ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. తెలిసుంటే ఆ వెధవ పని చేసేదాన్ని కాదు.

మా ఊరు కొండ మీద, సముద్రం కొండ కింద. రెండు కొండల సందున నీళ్ళు లోపలికి చొచ్చుకొచ్చిన చోట చిన్న రేవుంది. అక్కడ అలలు తొలిచిన రాతి తోరణం, ఆటు వేళ రాళ్ళ గుంటల్లో మిగిలిపోయే నక్షత్ర చేపలు, నిట్టనిలువు కొండచరియ మీద గూళ్ళు కట్టుకునే వేలాది తెల్లపిట్టలు. వాటిని చూడటానికి ఎక్కడెక్కడినుంచో జనం వస్తారు. వాళ్ళను నడిపించుకెళ్ళి చూపించడమే నా బతుకుతెరువు. గొప్పగా కాకపోయినా కడుపులో చల్ల కదలకుండా గడిచిపోయేది.

నిరుడు కొండవాలంతా ఒక హోటలు వాళ్ళు కొన్నారు. మేం రోజూ నడిచే బాటకు అడ్డంగా కంచె వేసి, రేవు ఇక తమ అతిథులకే అన్నారు. ఆ హోటలు మేనేజరుకు ఊళ్ళో కంచె బాబు అని పేరు పడింది. మనిషి మర్యాదస్తుడే. కాదు అనే మాట కూడా నవ్వుతూనే అంటాడు. నాకు ఒళ్ళు మండేది ఆ నవ్వుకే.

జనం నడిచిన పాత దారి ఉందని రుజువైతే దాన్ని ఎవరూ మూయడానికి వీల్లేదని చట్టం. పాత దారి ఉంది. మా నాయనమ్మ, ఆవిడ తోడికోడళ్ళు, ఆఖరి ఏళ్ళలో మా అత్త, రేవులో పడవల దగ్గర చేపలు ఎత్తుకుని నెత్తిన గంపలతో ఆ దారినే ఊళ్ళోకి ఎక్కేవారు. పడవలు మోటార్లు తగిలించుకుని పెద్ద ఓడరేవుకు వెళ్ళిపోయాక ఆ దారి ముళ్ళకంపల పాలైంది. నలభై ఏళ్ళ మాట. ఇప్పుడది ఏ పటంలోనూ లేదు, ఏ కాగితంలోనూ లేదు.

నేను పెట్టిన అర్జీకి ఒక సర్వేయరమ్మ వచ్చింది. పొట్టి మనిషి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. కంచె బాబు కూడా వెంటే వచ్చాడు. ఇద్దరూ మా అత్త వంటింట్లో బల్ల ముందు కూర్చున్నారు.

"దారి ఉందనడానికి సాక్ష్యం ఏముందండీ?" అని అడిగింది సర్వేయరమ్మ.

"నా మెడ ఉంది" అంది అత్త.

కంచె బాబు నవ్వాడు. అత్త ఆయన వంక చూడను కూడా చూడలేదు.

"చూడు తల్లీ, గంప నెత్తి మీదుంటే వంగడానికి లేదు. ఇంకొకళ్ళు చెయ్యేస్తే తప్ప దించుకోడానికీ లేదు, ఎత్తుకోడానికీ లేదు. అందుకని మా పెద్దవాళ్ళు దారి పొడుగునా రాళ్ళు నిలబెట్టారు. భుజమంత ఎత్తున. పక్కకి జరిగి గంపని ఇలా జార్చామంటే వెళ్ళి రాయి మీద కూర్చుంటుంది. ఊపిరి పీల్చుకుని, మళ్ళీ గంప కిందకి తల పెట్టి లేవడమే. దించుడు రాళ్ళంటాం వాటిని."

"ఎక్కడున్నాయవి?"

"ఇక నా వల్ల కాదు బాబోయ్ అని ఎక్కడ అనిపిస్తుందో అక్కడ."

"కొండంతా రాళ్ళేనండీ" అన్నాడు కంచె బాబు. "కంప మొత్తం కొట్టేసి, దొరికిన ప్రతి రాయినీ దించుడు రాయి అంటే ఎట్లా?"

ఆ మాటలో న్యాయం ఉంది, చెప్పక తప్పదు. సర్వేయరమ్మ మాట తేల్చింది. రేవు పక్కన పైకి కనిపించే రాయి ఒకటుంది. అదొక్కటే అయితే కొండరాయి అనుకోవచ్చు. ఇంకో రెండు చూపించాలి. ముందు చోటు చెప్పాలి, ఆ తర్వాతే కంప కొట్టాలి. మూడు చోట్ల కొట్టడానికే అనుమతి, నాలుగోది లేదు.

"గంప బరువు ఎంతుండేదండీ?"

"ఇరవై అయిదు కిలోలు. తడి చేపలు" అంది అత్త. "రేపు ఇసుక పోసి ఎత్తుకుంటా."

అత్తకు అరవై ఎనిమిదేళ్ళు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటుంది. నేను వద్దని మొత్తుకున్నాను. "నీ సలహా నీ దగ్గరే ఉంచుకోవే" అని నా నోరు మూయించింది.

మర్నాడు పొద్దున్నే రేవులో గంపకు ఇసుక నింపి, తాపీమేస్త్రి అయిన మా బాబాయి తెచ్చిన కాటాకు తగిలించి, అందరి ముందూ తూచాం. సరిగ్గా ఇరవై అయిదు. తర్వాత సర్వేయరమ్మ తోరణం చూస్తానంటే అందరూ అటు నడిచారు. ఆ సందులో నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. గంప సగం గుమ్మరించి, అడుగున ఎండిన సముద్రపు నాచు కుక్కి, పైన ఇసుక కప్పేశాను. ఆవిడ మోకాళ్ళు గుర్తొచ్చాయి, అంతే. ఇంకేం ఆలోచించలేదు.

అత్త చుట్టకుదురు తలమీద సర్దుకుంది. బాబాయీ నేనూ గంప ఎత్తాం. అత్త ముఖం వెలిగిపోయింది.

"చూశావుట్రా తమ్ముడూ? నలభై ఏళ్ళయినా నాలో పస తగ్గలేదు!"

నేను ఇసుక వైపు చూస్తూ నిలబడ్డాను.

మేకలు తొక్కిన సన్నటి సందు కొండపైకి పోతోంది. రెండు పక్కలా మనిషెత్తు కంప. అత్త ముందు, మేమంతా వెనక. మొదటి రాయి దగ్గర ఆచారం కొద్దీ ఒక్క క్షణం ఆగి, దించకుండానే సాగిపోయింది. మలుపు తిరిగింది, ఎక్కింది, ఇంకా ఎక్కింది. చివరికి ఊపిరి ఎగబీలుస్తూ ఆగి కొండవైపు చెయ్యి చూపించింది.

"ఇక్కడ."

బాబాయి కత్తితో కంప కొట్టాడు. తీగలు లాగాడు. వేళ్ళ దాకా తవ్వినంత పని చేశాడు. మట్టి తప్ప ఏమీ లేదు.

"పాపం, పెద్దావిడ" అన్నాడు కంచె బాబు. ఈసారి నవ్వలేదు. నిజంగానే జాలిపడ్డాడు. ఆ జాలి నవ్వుకంటే ఘోరంగా ఉంది.

అత్త గంప కిందకు దింపించుకుని ఆ ఖాళీ చోటును చూస్తూ నిలబడింది. మా అత్త మాట లేకుండా నిలబడటం పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు. "మర్చిపోయానేమోరా" అంది బాబాయితో, చిన్న గొంతుతో. "మా అమ్మ దారి నేనే మర్చిపోయానేమో."

నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంటే, బతికినన్నాళ్ళూ ఆవిడ అదే అనుకునేది.

"అత్తా, గంపలో సగం నాచు ఉంది. నేనే పెట్టాను."

అత్త నోరు విప్పింది. ఆ మాటలన్నీ రాస్తే ఈ కాగితం సిగ్గుపడుతుంది. చివరి మాట మాత్రం చెబుతాను. "నా మీద జాలిపడమని ఎవరడిగారే నిన్ను? బరువు తగ్గిస్తే దారి తప్పుతుందని తెలీదా?"

కంచె బాబు ఊరుకుంటాడా? "ఇలా ఆట మళ్ళీ మొదలుపెడితే ఎట్లాగండీ?" అన్నాడు.

"తూకం మీద ఒప్పుకున్నాం, తూకం తప్పింది. కాబట్టి మళ్ళీ ఎత్తనివ్వాలి" అంది సర్వేయరమ్మ. "కానీ కొట్టిన చోటు కొట్టినట్టే. మీకింక రెండే ఉన్నాయి."

అంటే ఆ రెండూ తగలాలి. ఒక్కటి తప్పినా రేవు పోయినట్టే.

అందరం మళ్ళీ కిందకు దిగాం. అత్త నన్ను గంప దరిదాపులకు రానివ్వలేదు. నేరుగా కంచె బాబు చేతికే చేట ఇచ్చింది. "నువ్వు నింపు నాయనా. నీ మీదైతే ఎవరికీ అనుమానం రాదు."

ఆయన కోటు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని శ్రద్ధగా నింపాడు. పోగు పెట్టేశాడు కూడా. నెత్తికెత్తగానే అత్త, "రెండు దోసిళ్ళు తియ్యి, మా అమ్మ గాడిద కాదు" అంది. తీశాక కాటా చూస్తే ఇరవై అయిదు. సర్వేయరమ్మ కాటా వంకా అత్త మెడ వంకా మార్చి మార్చి చూసింది.

ఈసారి అత్త మొదటి రాయి దగ్గర నిజంగానే దించింది. మలుపు తిరిగాక మోకాళ్ళు వణకడం నాకు కనిపించింది. పెదవి కొరుక్కుని ఊరుకున్నాను. ఇందాక ఆగిన చోటికి ఇంకా ముప్పై అడుగులుందనగా ఆగిపోయింది.

"ఇదీ! ఇక నా వల్ల కాదు. కొట్టరా!"

బాబాయి కత్తి నాలుగో దెబ్బకే ఖంగుమంది. తీగలు లాగేస్తే రెండు నిలువు రాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక పలక. పలక నడుమ గంపలు రాసుకుని రాసుకుని నున్నగా గుంట పడింది. అత్త పక్కకు జరిగి, రోజూ చేసే పనిలా మెడ వంచింది. గంప వెళ్ళి ఆ గుంటలో కూర్చుంది.

"మర్చిపోలేదురా!" అని అరిచి, అలాగే రాయికి ఆనుకుని కూలబడింది. రెండోసారి ఎక్కడం. కాళ్ళు ఇక లేవనన్నాయి. నేను పట్టుకోబోతే నా చేయి తోసేసి, చుట్టకుదురు తీసి నా చేతిలో పెట్టింది.

"ఎత్తుకో."

"నేనా?"

"నువ్వు కాక కంచె బాబా?"

"పెద్దావిడ మెడే సాక్ష్యం అన్నారు కదండీ?" అన్నాడు ఆయన.

"దాని మెడ కూడా మా ఇంటిదే. పొడుగులో అచ్చం మా అమ్మ. బరువు అదే, దారి అదే."

సర్వేయరమ్మ తలూపింది.

నేను రోజూ ఈ కొండల్లో నడిచే మనిషిని కదా అని ధీమాగా లేచాను. ధీమా పది అడుగులకే దిగిపోయింది. బరువు నెత్తి మీదుంటుందనుకున్నాను. కాదు, మెడలో, నడుములో, అరికాళ్ళలో ఉంటుంది. కంపలు ముఖానికి కొట్టుకుంటున్నా తల తిప్పడానికి లేదు. ఊపిరి ఈలలా వినిపిస్తోంది. ఒకచోట ఆగుదామనిపించింది, భయంతో. ఇది భయం, అలుపు కాదు అని నాకే తెలిసి సాగాను. ఇంకో పది అడుగులు. ఇంకో అయిదు. తర్వాత కాలు ఎత్తబోతే లేవలేదు. వాదించడానికి లేదు, బేరానికి లేదు.

"ఇక్కడ" అన్నాను. "కొండవైపు."

"దించు, నేను పట్టుకుంటా" అన్నాడు బాబాయి.

"ముందు కొట్టు."

కొట్టాడు. ఒక దెబ్బ, రెండు, అయిదు. కంప దట్టంగా ఉంది. కళ్ళలోకి చెమట కారుతున్నా తుడుచుకోలేదు. కింద అలల చప్పుడు, పైన పిట్టల గోల. బాబాయి కత్తి పారేసి రెండు చేతులతో తీగల దుప్పటిని ఒక్క లాగు లాగాడు.

పలక సరిగ్గా నా భుజం ఎత్తున ఉంది. నన్ను కొలిచి పెట్టినట్టుంది. పక్కకు జరిగి మెడ వంచాను. గంప జారి కూర్చుంది. ప్రాణం లేచొచ్చింది. నేను ఏడ్చానో, అరిచానో, రెండూ చేశానో తెలియదు.

"దారి ఉంది" అంది సర్వేయరమ్మ, రాసుకుంటూ.

కంచె బాబు ఆ పలక దగ్గరకొచ్చి, నున్నటి గుంటలో వేళ్ళు పెట్టి చూసుకున్నాడు. "ఉంది" అన్నాడు. పాపం, మనిషి మర్యాదస్తుడే.

అత్త బాబాయి భుజం పట్టుకుని మెల్లగా పైకొచ్చింది. నన్ను పొగుడుతుందేమోనని చూశాను. నా మెడ వెనక చెయ్యి వేసి గట్టిగా నొక్కి, "బానే ఉంది" అంది, అంతే. కళ్ళు మాత్రం తుడుచుకుంది.

ఇసుక గంప అక్కడే వదిలేసి రమ్మంది సర్వేయరమ్మ. వదల్లేదు. గంప కిందకు తల పెట్టి, మెడ నిటారుగా నిలిపి లేచాను. పైన ఊరంతా గట్టు మీద నిలబడి ఎదురు చూస్తోంది. మా ఇంటి ఆడవాళ్ళు ఈ దారిన ఏనాడూ ఖాళీ నెత్తితో ఊళ్ళోకి వెళ్ళలేదు.